నర్సింగ్‌లో చేరే ముందు: విజయవాడ, గుంటూరు తల్లిదండ్రులూ పిల్లలూ తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి కౌన్సెలింగ్ ముగిసేదాకా బైపీసీ పిల్లలున్న ఇళ్లలో ఇవే ప్రశ్నలు. ఎంబీబీఎస్ సీటు రాదని తేలాక నర్సింగ్ వైపు చూసేవాళ్లు కొందరు, మొదటి నుంచీ నర్సింగే కావాలనుకున్నవాళ్లు కొందరు. వార్డులో పనిచేసి, తర్వాత నర్సింగ్ విద్యార్థులకు పాఠాలు చెప్పిన అనుభవంతో ఈ జవాబులు రాస్తున్నాను. తేదీలు, ఫీజులు ఏటా మారతాయి, వాటిని ఆ సంవత్సరం నోటిఫికేషన్‌లోనే చూసుకోండి.

హెల్త్ యూనివర్సిటీ విజయవాడలోనే ఉంది కదా, మా అమ్మాయికి సీటు వేరే ఊళ్లో ఎందుకు వచ్చింది?

డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం మన ఊళ్లోనే ఉన్న మాట నిజమే. కానీ అది ప్రధానంగా కాలేజీలను గుర్తించి, సిలబస్ అమలు చేసి, పరీక్షలు పెట్టి, పట్టా ఇచ్చే సంస్థ. నర్సింగ్ తరగతులు జరిగేది దానికి అనుబంధంగా రాష్ట్రమంతా ఉన్న కాలేజీల్లో. ర్యాంకు, రిజర్వేషన్, మీరు పెట్టిన ఆప్షన్ల వరుసను బట్టి సీటు విజయవాడలో రావచ్చు, గుంటూరులో రావచ్చు, శ్రీకాకుళంలోనూ రావచ్చు. ఆప్షన్లు పెట్టేటప్పుడు ఇంటర్‌నెట్ సెంటర్ కుర్రాడికి వదిలేయకుండా ఇంట్లోవాళ్లు పక్కన కూర్చుని ఒక్కో కాలేజీ చూసుకోండి. ఇంత దూరం వచ్చిందేమిటని తర్వాత ఏడ్చినవాళ్లలో సగం మంది ఆ కాలేజీ పేరు జాబితాలో ఉందని కూడా చూసుకోనివాళ్లే.

మా అక్క సర్టిఫికెట్ మీద యూనివర్సిటీ పేరు వేరేగా ఉంది. ఏదైనా ఇబ్బందా?

ఇబ్బంది లేదు. 1986 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయంగా మొదలై, తర్వాత ఎన్టీఆర్ పేరు పెట్టుకుంది. 2022లో వైఎస్సార్ పేరుకు మారింది, 2024లో తిరిగి ఎన్టీఆర్ పేరే వచ్చింది. సంస్థ ఒకటే. విదేశాలకు దరఖాస్తు చేసేటప్పుడు మాత్రం ఈ పేరు మార్పు గురించి అవతలివాళ్లు అడుగుతారు, సంబంధిత ఉత్తర్వు కాపీ ఒకటి దగ్గర పెట్టుకుంటే సరిపోతుంది.

సిలబస్ ఒకటే, పరీక్ష ఒకటే, పట్టా ఒకటే. మరి ఏ కాలేజీలో చేరితే ఏముంది?

చాలా ఉంది. ఈ పేజీ అంతటిలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

పుస్తకంలో పాఠం ఎక్కడైనా ఒకటే. కానీ నర్సింగ్‌లో సగం చదువు మంచం పక్కన జరుగుతుంది. ఆ మంచం మీద పేషెంటు ఉండాలి కదా! దేశమంతటా నర్సింగ్ చదువుకు ప్రమాణాలు పెట్టే భారత నర్సింగ్ మండలి నిబంధన ప్రకారం కాలేజీకి కనీసం 100 పడకల సొంత ఆసుపత్రి ఉండాలి. 100 మంచాలు ఉండటం వేరు, 100 మంది పేషెంట్లు ఉండటం వేరు. దుప్పట్లు నలగని మంచాల మధ్య నాలుగేళ్లు తిరిగిన అమ్మాయికి, రోజుకు పది కాన్యులాలు (నరంలోకి మందు ఎక్కించే గొట్టాలు) పెట్టే వార్డులో తిరిగిన అమ్మాయికి పట్టా మీద తేడా కనిపించదు. ఉద్యోగంలో చేరిన మొదటి నైట్ డ్యూటీలోనే కనిపిస్తుంది.

అందుకే కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు మీకు ముందుగా చూపించే ఏసీ సెమినార్ హాలు, గాజు తలుపుల లైబ్రరీ చూసి మురిసిపోకండి. ఉదయం పదీ పదకొండు మధ్య ఆ కాలేజీ ఆసుపత్రికి మామూలు మనుషుల్లా వెళ్లండి. ఓపీ చీటీ దగ్గర క్యూ ఉందా? లిఫ్టులో స్ట్రెచర్లు తిరుగుతున్నాయా? ప్రసూతి విభాగం బయట బట్టల సంచీలు, ఫ్లాస్కులు పట్టుకుని బంధువులు కూర్చున్నారా? ఇవి కనిపిస్తే అక్కడ పని ఉంది, పని ఉన్నచోట చదువు ఉంది.

తర్వాత ఎవరైనా మూడో ఏడాది, నాలుగో ఏడాది విద్యార్థిని క్యాంటీన్ దగ్గర పలకరించండి. కాలేజీ బాగుందా అని అడిగితే బాగుందనే అంటారు, వాళ్లు మాత్రం ఇంకేం చెబుతారు? డెలివరీ కేసులు ఎక్కడ చూస్తున్నారు, ఐసీయూలో ఎన్ని వారాలు వేశారు, ఒక్క పేషెంటు చుట్టూ ఎంతమంది విద్యార్థులు నిలబడుతున్నారు, వార్డులో పక్కన టీచర్ ఉంటున్నారా లేక స్టాఫ్ సిస్టర్‌కు అప్పజెప్పి వెళ్లిపోతున్నారా అని అడగండి. ఒక విద్యార్థికి ముగ్గురు పేషెంట్లు, పదిమంది విద్యార్థులకు ఒక టీచర్ చొప్పున ఉండాలని మండలి లెక్క. ఆ లెక్కకు అటూఇటూ ఎంత దూరంలో ఉన్నారో రెండు మాటల్లోనే తెలిసిపోతుంది.

ఒకే యూనివర్సిటీకి మూడు నాలుగు క్యాంపస్‌లు ఉన్నాయి. ఒక క్యాంపస్‌కు అనుమతి ఉంటే అన్నిటికీ ఉన్నట్టేనా?

కాదు. నర్సింగ్‌లో అనుమతి సంస్థ పేరుకు కాదు, ఆ చిరునామాలో ఉన్న కాలేజీకి, ఆ కోర్సుకు, ఇన్ని సీట్లకు అని విడివిడిగా ఇస్తారు. ప్రధాన క్యాంపస్‌లో బీఎస్సీ నర్సింగ్‌కు అన్నీ సక్రమంగా ఉండి, కొత్తగా పెట్టిన క్యాంపస్‌లో ఇంకా ఫైలు నడుస్తూ ఉండవచ్చు. బ్రోచర్‌లో మాత్రం అన్ని క్యాంపస్‌ల ఫొటోలూ కలిపి ఒకే పేజీలో ఉంటాయి.

చూడాల్సినవి: రాష్ట్ర ప్రభుత్వ అనుమతి, రాష్ట్ర నర్సుల మండలి గుర్తింపు, భారత నర్సింగ్ మండలి జాబితాలో ఆ కాలేజీ పేరు, యూనివర్సిటీ అనుబంధం. మండలి వెబ్‌సైట్‌లో రాష్ట్రాల వారీగా జాబితా ఉంటుంది. అందులో కాలేజీ పేరుతో పాటు ఊరు, సీట్ల సంఖ్య కూడా సరిపోల్చుకోండి. 60 సీట్లకు అనుమతి ఉన్నచోట మీవాడిది 75వ అడ్మిషన్ అయితే ఆ మిగతా పదిహేనుమంది సంగతేమిటో చేరకముందే అడగాలి. ప్రైవేటు యూనివర్సిటీ అయినా, డీమ్డ్ యూనివర్సిటీ అయినా పట్టా చేతికొచ్చాక నర్సుగా రిజిస్టర్ కావాల్సింది రాష్ట్ర నర్సుల మండలిలోనే. అక్కడ నమోదు కాకపోతే ఆ పట్టాతో వార్డులోకి అడుగు పెట్టలేరు.

ఇంకో సంగతి. 1947 నాటి భారత నర్సింగ్ మండలి చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. మీ పిల్లలు చదువు పూర్తిచేసే నాటికి మండలి అనే పేరు బదులు కమిషన్ అని వినిపించవచ్చు. పాత రిజిస్ట్రేషన్లు చెల్లవని ఎవరైనా భయపెడితే నమ్మకండి.

మొదటి ఏడాది ఒక క్యాంపస్‌లో చేరి, తర్వాత ఇంటి దగ్గర క్యాంపస్‌కు మారొచ్చా?

మారొచ్చన్న ఆశతో చేరకండి. సీటు వచ్చిన కాలేజీలోనే నాలుగేళ్లు ఉండాలనుకునే చేరండి. “తర్వాత చూద్దాం లెండి” అని అడ్మిషన్ కౌంటర్‌లో ఎవరైనా అంటే ఆ మాట కాగితం మీద రాసిమ్మనండి. రాయరు.

గుంటూరు నుంచి విజయవాడకు రోజూ తిరుగుతూ చదవొచ్చా?

దూరం 35 కిలోమీటర్ల లోపే, బస్సులకు, రైళ్లకు కొదవలేదు. ఇంజినీరింగ్ పిల్లలు తిరగడం లేదా అంటారు. కానీ క్లినికల్ పోస్టింగ్ రోజుల్లో చాలాచోట్ల ఉదయం ఏడున్నరకల్లా యూనిఫాంలో వార్డులో ఉండాలి. నైట్ డ్యూటీ పేషెంట్ల వివరాలు అప్పజెప్పేటప్పుడు అక్కడ ఉన్నవాళ్లకే ఆ రోజు ఏం జరగబోతోందో అర్థమవుతుంది. వారధి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఎనిమిదిన్నరకు వచ్చే అమ్మాయికి ఆ గంట పోయినట్టే. మొదటి సెమిస్టర్ తిరగగలరు. పోస్టింగులు ముదిరాక హాస్టల్ తప్పదు.

పైగా పోస్టింగులన్నీ కాలేజీ ఆసుపత్రిలోనే ఉండవు. కమ్యూనిటీ హెల్త్‌కు పీహెచ్‌సీకి, పల్లెకు పంపుతారు. మానసిక ఆరోగ్య నర్సింగ్‌కు మన జిల్లాల కాలేజీలు చాలా వరకు పిల్లల్ని విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తీసుకెళ్తాయి. అప్పుడు కొన్ని వారాలు అక్కడే బస. ఆ ఖర్చు ఫీజులో కలిసి ఉందో, విడిగా కట్టాలో ముందే అడగండి.

అర్హత ఏమిటి? నీట్ రాయాలా?

బీఎస్సీ నర్సింగ్‌కు ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 45 శాతం మార్కులు, ఇంగ్లీషులో పాస్ ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం. చేరే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. పెళ్లయినవారూ చేరవచ్చు. ఇంటర్ ఒకేషనల్ చేసినవాళ్లు బ్రిడ్జి కోర్సు పూర్తిచేసి ఉంటే వాళ్లకూ దారి ఉంటుంది, నోటిఫికేషన్‌లో ఆ వాక్యం వెతకండి.

రాష్ట్రంలోని కాలేజీలకు ఇటీవలి ఏళ్లలో ఈఏపీసెట్ అనే రాష్ట్ర ప్రవేశ పరీక్షలో వచ్చిన బైపీసీ ర్యాంకు ఆధారంగా హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్ జరుపుతోంది. ఇంజినీరింగ్ వాళ్ల పరీక్ష కదా అని వదిలేసి, తీరా ఆగస్టులో తలపట్టుకునేవాళ్లు ఏటా ఉంటారు. నర్సింగ్ ఆలోచన ఏ మూల ఉన్నా ఆ పరీక్ష రాసేయండి. నీట్ మార్కులు కావాల్సింది సైన్యం నడిపే నర్సింగ్ కాలేజీలకు. అవి అమ్మాయిలకు మాత్రమే. చదువయ్యాక మిలిటరీ నర్సింగ్ సర్వీసులో పనిచేస్తామని ఒప్పందం రాయాలి.

మంగళగిరి ఎయిమ్స్‌లో సీటు ఎలా?

ఎయిమ్స్ నర్సింగ్ సీట్లు రాష్ట్ర కౌన్సెలింగ్‌లో ఉండవు. బీఎస్సీ ఆనర్స్ నర్సింగ్‌కు ఢిల్లీ ఎయిమ్స్ దేశమంతటికీ ఒకే పరీక్ష పెడుతుంది, దరఖాస్తు విడిగా వేయాలి. మార్కుల అర్హత కూడా ఎక్కువ: ఇంగ్లీషుతో కలిపి 55 శాతం. కొన్ని ఎయిమ్స్‌లలో అమ్మాయిలకే సీట్లు ఇస్తారు. పోటీ గట్టిగానే ఉంటుంది. అయినా మన పిల్లలు ఎక్కువమంది ఆ దరఖాస్తు వేయకపోవడానికి కారణం పోటీ కాదు, అలాంటి పరీక్ష ఒకటి ఉందని తెలియకపోవడమే.

జీఎన్ఎం చేయించాలా, బీఎస్సీ చేయించాలా?

బీఎస్సీ నాలుగేళ్ల డిగ్రీ, జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) మూడేళ్ల డిప్లొమా. వార్డులో మొదటి ఐదారేళ్లు ఇద్దరూ పక్కపక్కనే పనిచేస్తారు, కొన్నిసార్లు జీఎన్ఎం చేసిన అమ్మాయి చెయ్యే ముందుంటుంది. తేడా ఆ తర్వాత వస్తుంది. పై చదువు, టీచింగ్, విదేశాలు, గ్రామాల్లో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ పోస్టులు అనగానే బీఎస్సీ అడుగుతారు. బయాలజీ లేకుండా ఇంటర్ చేసిన పిల్లలకు మాత్రం జీఎన్ఎమే దారి, దానికి మండలి నిబంధనల ప్రకారం ఏ గ్రూపు అయినా ఫరవాలేదు.

జీఎన్ఎం చేశాక రిజిస్టరై, రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేయవచ్చు. అంటే మొత్తం ఐదేళ్లు. ఇంట్లో డబ్బు ఇబ్బంది ఉండి, బిడ్డ తొందరగా సంపాదనలో పడాలనుకుంటే ఇదీ మంచి దారే. సీటు వచ్చి, నాలుగేళ్లు చదివించే స్థోమత ఉంటే నేరుగా బీఎస్సీనే నా ఓటు. దూరవిద్యలో, వారాంతపు క్లాసులతో మొదటి నుంచీ బీఎస్సీ నర్సింగ్ చేయిస్తామని ఎవరైనా పాంప్లెట్ ఇస్తే చింపి పారేయండి.

మగపిల్లలు చేరవచ్చా?

చేరవచ్చు. హాస్టల్ ఉందో లేదో మాత్రం ముందే కనుక్కోండి, చాలా కాలేజీల్లో లోపలి హాస్టల్ అమ్మాయిలకే. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగాల్లో 80 శాతం మహిళలకు, 20 శాతం పురుషులకు అనే విభజన ఉంది కాబట్టి అక్కడ పోటీ తీవ్రంగా ఉంటుంది. ఎమర్జెన్సీ, ఆపరేషన్ థియేటర్, డయాలసిస్, ఐసీయూల్లో మగ నర్సులను వెతికి మరీ తీసుకుంటారు.

తెలుగు మీడియంలో చదివింది. ఇంగ్లీషులో నెట్టుకురాగలదా?

రాగలదు. మొదటి సెమిస్టర్‌లో ఇంగ్లీష్ ఒక సబ్జెక్టే. అసలు కష్టం అనాటమీ, ఫిజియాలజీ పదాలతో. అవి ఇంగ్లీష్ మీడియం పిల్లలకూ కొత్తే, కాబట్టి ఆ రోజు అందరూ ఒకే గీత దగ్గర నిలబడతారు. మొదటి ఇంటర్నల్ పరీక్షలో మార్కులు తగ్గితే ఇంటికి ఫోన్ చేసి ఏడుస్తారు, అప్పుడు వెనక్కి వచ్చెయ్యమనకండి. రెండో సెమిస్టర్‌కల్లా సర్దుకుంటారు.

వార్డులో మాత్రం సీను తిరగబడుతుంది. పల్నాడు నుంచి వచ్చిన ముసలమ్మ “కడుపులో దేవేస్తోంది తల్లీ” అంటే ఆ మాటలోంచి వాంతి వచ్చేట్టుందని వెంటనే పట్టుకుని బేసిన్ అందించేది ఊరి పిల్లే. టెన్షన్ పడాల్సింది భాష గురించి కాదు, చేతిరాత గురించి. కేస్ షీట్‌లో గజిబిజిగా రాసిన మోతాదు పేషెంటు ప్రాణం మీదికి తెస్తుంది.

నాలుగేళ్లలో ఏం చదువుతారు?

2021 సవరించిన సిలబస్ ప్రకారం ఎనిమిది సెమిస్టర్లు, క్రెడిట్ పద్ధతి. మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ, సైకాలజీ, సోషియాలజీ, బయోకెమిస్ట్రీ, పోషకాహారం, వీటితో పాటు నర్సింగ్ ఫౌండేషన్. ఈ చివరిదాన్ని పిల్లలు తేలిగ్గా తీసుకుంటారు. పక్క వేయడం, ఒళ్లు తుడవడం కూడా పాఠమేనా అంటారు. పేషెంటును కదిలించకుండా ముడత లేకుండా దుప్పటి మార్చడం ఒకసారి చేసి చూస్తే తెలుస్తుంది. ముడత ఉన్నచోటే పుండు పడుతుంది.

రెండో ఏడాది మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ, పాథాలజీ, పెద్దవాళ్ల వ్యాధుల నర్సింగ్. మూడో ఏడాది పిల్లల నర్సింగ్, మానసిక ఆరోగ్యం, కమ్యూనిటీ హెల్త్, ప్రసూతి నర్సింగ్, వార్డు నిర్వహణ. ఏడో సెమిస్టర్‌లో పరిశోధన, గణాంకాలు కూడా ఉంటాయి. ఎనిమిదోది పూర్తిగా ఇంటర్న్‌షిప్. ఫోరెన్సిక్ నర్సింగ్, ఇన్ఫర్మాటిక్స్ లాంటివి కొత్తగా చేరాయి. కష్టమైన సబ్జెక్టు ఏది అంటే నా ఉద్దేశంలో ఫార్మకాలజీ. మందుల పేర్లు బట్టీ పట్టవచ్చు కానీ, బిడ్డ బరువును బట్టి ఎన్ని మిల్లీలీటర్లు ఎక్కించాలో లెక్క కట్టడం బట్టీ పడితే రాదు. బైపీసీలో చేరాం కాబట్టి లెక్కలకు సెలవు అనుకున్నవాళ్లకు ఇక్కడ గట్టి దెబ్బే.

హాజరు విషయంలో అంత పట్టుదలా?

పరీక్ష రాయాలంటే థియరీ, ప్రాక్టికల్స్ రెంటిలోనూ 80 శాతం ఉండాలి. అక్కడితో అయిపోలేదు. పట్టా చేతికి రావాలంటే క్లినికల్ హాజరు ప్రతి విభాగంలోనూ 100 శాతం పూర్తి కావాలి. పెళ్లిళ్లకని పది రోజులు ఆగిపోతే ఆ పోస్టింగ్ సెలవుల్లో చేసి తీర్చాలి. సంక్రాంతికి ఊళ్లోవాళ్లందరూ వచ్చాక మీ అమ్మాయి రాకపోతే అలగకండి, ఆ అమ్మాయి లేబర్ రూమ్ డ్యూటీలో ఉండొచ్చు. కోర్సు పూర్తి చేయడానికి గరిష్ఠంగా ఎనిమిదేళ్ల గడువు ఉంటుంది.

రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి. పనికి రానా?

మొదటిసారి ఆపరేషన్ థియేటర్‌లో కళ్లు తిరిగిన పిల్లల్లో చాలామంది ఇప్పుడు అదే థియేటర్‌లో చేతికి పనిముట్లు అందిస్తున్నారు. పొద్దున్నే ఏమీ తినకుండా వెళ్లడమే చాలాసార్లు కారణం. ఇడ్లీ తిని వెళ్లండి, మోకాళ్లు బిగించి నిలబడకండి, తల తేలిపోతున్నట్టుంటే సిగ్గుపడకుండా గోడకు ఆనుకుని కింద కూర్చోండి.

నిజంగా భయపడాల్సింది సూదికి. వాడిన సూదికి మూత మళ్లీ పెట్టొద్దని మొదటి రోజు నుంచీ చెబుతాం, అయినా అలవాటుగా పెడతారు. గుచ్చుకుంటే నొక్కి రక్తం పిండకుండా సబ్బు, నీళ్లతో కడిగి, వెంటనే ఇన్‌చార్జి సిస్టర్‌కు చెప్పాలి. హెచ్ఐవీ రాకుండా వాడే మందులు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, ఎట్టి పరిస్థితుల్లోనూ 72 గంటలు దాటకూడదు, 28 రోజులు వాడాలి. తిడతారని దాచిపెట్టే పిల్లలే ప్రమాదంలో పడతారు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు, మొదటిది వేశాక నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది, వార్డులోకి వెళ్లే ముందే మొదలుపెట్టించండి. కాలేజీ వేయిస్తుందో లేదో అని ఎదురుచూడొద్దు.

ఫీజు చెప్పిందే కడితే చాలా?

చాలదు. యూనిఫాం, కేస్ బుక్కులు, పోస్టింగుల ప్రయాణం, యూనివర్సిటీ పరీక్ష ఫీజు, విశాఖ బస, ఆఖర్న రిజిస్ట్రేషన్ ఖర్చు. ఇవన్నీ ఏటా ఎంతవుతాయో సీనియర్ల తల్లిదండ్రులను అడిగితే అసలు లెక్క తెలుస్తుంది. కన్వీనర్ కోటాలో సీటు వచ్చి అర్హత ఉంటే ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇస్తుంది, మేనేజ్‌మెంట్ సీటుకు దాని మీద ఆశ పెట్టుకోకండి. డబ్బు ఆలస్యంగా పడినప్పుడు ముందు మీరే కట్టమంటారా అన్నది కూడా చేరే రోజే తేల్చుకోవాల్సిన విషయం.

ఒరిజినల్ సర్టిఫికెట్లు పరిశీలనకు చూపించండి, దగ్గర పెట్టుకోనివ్వకండి. ఉన్నత విద్యలో ఒరిజినల్స్ అట్టిపెట్టుకోవడాన్ని యూజీసీ నిషేధించింది.

చదువయ్యాక జీతం ఎంత?

సూటిగా చెబుతాను. ఎయిమ్స్, కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సింగ్ ఆఫీసర్ మూల వేతనం ఏడో వేతన సంఘం ప్రకారం 44,900 రూపాయలు, దాని మీద డీఏ, ఇతర భత్యాలు. ప్రైవేటులో మొదటి జీతం వింటే చాలామంది తండ్రులు నిరాశపడతారు.

సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ 2016లో ఒక లెక్క చెప్పింది. 50 పడకల లోపు ఆసుపత్రిలో నర్సుకు నెలకు 20,000కు తగ్గకూడదు. 50 నుంచి 100 పడకలుంటే ప్రభుత్వ నర్సు జీతంలో 25 శాతానికి మించి తగ్గకూడదు, 100 దాటితే 10 శాతానికి మించి తగ్గకూడదు, 200 దాటితే సమానంగా ఇవ్వాలి. చదవడానికి ఎంత బాగుందో! అమలు చేయించే పని రాష్ట్రాలకు వదిలేశారు, ఏలూరు రోడ్డులో ఏ నర్సింగ్ హోమ్ సిస్టర్‌ను అడిగినా ఆ అమలు ఎంతవరకు వచ్చిందో చెబుతుంది. మొదటి రెండేళ్లు జీతం కంటే పని నేర్పే చోటు చూసుకోమనే నా సలహా. ఐసీయూ, ఎమర్జెన్సీ అనుభవం ఉన్న రెండేళ్ల నర్సు తన జీతం తానే మాట్లాడుకోగలదు. ఆ రెండేళ్లూ బాండ్ పేరుతో సర్టిఫికెట్లు అడిగేచోట మాత్రం చేరొద్దు.

ప్రభుత్వ ఉద్యోగాలు?

ఎయిమ్స్‌లకు నార్సెట్ అనే పరీక్ష. రాష్ట్రంలో స్టాఫ్ నర్సు పోస్టులను జోన్ల వారీగా భర్తీ చేస్తుంటారు. కృష్ణా, ఎన్టీఆర్ జిల్లాలది రెండో జోన్, గుంటూరుది మూడో జోన్. వాటిలో నర్సింగ్ మార్కులకే పెద్ద పీట. కాబట్టి పాసైతే చాలు అనుకుని నాలుగేళ్లు గడిపిన పిల్లలు అక్కడ వెనకబడతారు. పల్లెల్లోని విలేజ్ క్లినిక్‌లలో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లుగా బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్లను తీసుకున్నారు. డాక్టర్ పక్కన లేకుండా బీపీ, షుగర్ పేషెంట్లను చూసుకునే ఉద్యోగం అది. స్వతంత్రంగా పని చేయాలనే పిల్లలకు నచ్చుతుంది, ఒంటరితనం పడనివాళ్లకు నచ్చదు.

విదేశాలకు పంపిస్తామని ఏజెంట్లు తిరుగుతున్నారు. నమ్మొచ్చా?

గల్ఫ్ అయితే ఆ దేశపు లైసెన్స్ పరీక్ష, సర్టిఫికెట్ల పరిశీలన, చాలావరకు రెండేళ్ల అనుభవం అడుగుతారు. ఇంగ్లండ్‌కు ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో రాయడంలో 6.5, మిగతా మూడింటిలో 7, లేదా ఓఈటీ అనే వైద్యరంగం వాళ్ల ఇంగ్లీషు పరీక్ష, ఆ తర్వాత కంప్యూటర్ పరీక్ష, అక్కడికెళ్లాక ప్రాక్టికల్ పరీక్ష. జర్మనీకి బీ2 స్థాయి జర్మన్ భాష కావాలి, అది నేర్చుకోవడానికి దాదాపు ఏడాది పోతుంది. అమెరికాకు అక్కడి నర్సింగ్ లైసెన్స్ పరీక్ష ఎన్‌క్లెక్స్ పాసవడం పెద్ద పని కాదు, వీసా క్యూలో ఏళ్ల తరబడి నిలబడటమే పని.

సౌదీ, కువైట్, ఖతార్ వంటి 18 దేశాలకు నర్సులు వెళ్లాలంటే 2015 నుంచి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (పని కోసం దేశం దాటడానికి ప్రభుత్వ అనుమతి) తప్పనిసరి. నియామకం అధీకృత సంస్థల ద్వారానే జరగాలి. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ వాటిలో ఒకటి. లైసెన్స్ ఉన్న ప్రైవేటు ఏజెంటు అయినా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ తప్ప ఎక్కువ వసూలు చేయకూడదు. “రెండు లక్షలు కట్టండి, విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకుందాం” అన్నవాడికి టీ కూడా ఇవ్వకుండా పంపించేయండి.

ఎంఎస్సీ వెంటనే చేయవచ్చా?

బీఎస్సీ తర్వాత రిజిస్టరై కనీసం ఏడాది పనిచేయాలి, 55 శాతం మార్కులు ఉండాలి. కోర్సు రెండేళ్లు. పని చేయకుండా పై చదువు చదివి టీచర్లయినవాళ్ల పాఠాలు ఎలా ఉంటాయో విద్యార్థులకు బాగా తెలుసు. ఆ ఏడాదిని మూడేళ్లు చేసుకుంటే మరీ మంచిది.

నర్సు అంటే సంబంధాలు రావంటున్నారు బంధువులు.

అమ్మాయి తల్లులు గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది. నైట్ డ్యూటీలు ఉంటాయి, నిజమే. పండగ రోజు కూడా డ్యూటీ పడుతుంది, అదీ నిజమే. ఆ సంగతి దాచి సంబంధం చేయకండి. అంతేగానీ ఈ మాట అనే బంధువులే ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ముందు ఫోన్ చేసేది నర్సింగ్ చదివే మీ అమ్మాయికే. పెళ్లి సంబంధం కోసం చదువు మార్పించిన కేసుల్లో నాకు తెలిసి బాగుపడింది పెళ్లీ కాదు, చదువూ కాదు.

చేరే రోజుకు ఏం కొనాలి?

పుస్తకాలు తొందరపడి కొనకండి, సీనియర్ల దగ్గర సగం ధరకు దొరుకుతాయి. లైబ్రరీలోనూ ఉంటాయి. యూనిఫాం కాలేజీ చెప్పిన చోటే కుట్టించాలి. శబ్దం రాని, జారని చెప్పులు లేదా బూట్లకు మాత్రం డబ్బు పెట్టండి, ఎనిమిది గంటలు వాటి మీదే నిలబడాలి. సెకన్ల ముల్లు ఉన్న వాచీ ఒకటి, చిన్న టార్చి, కొలిచే టేపు, కత్తెర, చిన్న నోటు పుస్తకం. స్మార్ట్ వాచీ వద్దు, నాడి లెక్క పెట్టేటప్పుడు అది ఆరిపోతుంది, పైగా చాలా వార్డుల్లో పెట్టుకోనివ్వరు. గోళ్లు కత్తిరించుకుని రావాలి, నెయిల్ పాలిష్ ఉంటే మొదటి రోజే వెనక్కి పంపుతారు. స్టెతస్కోప్ కొనమని అమ్మాయి మారాం చేస్తుంది. ఇప్పుడే వద్దు, బీపీ చూడటం నేర్పే వారం వరకు ఆగి, మంచిదే కొనండి.